అతిథి సాక్షి
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 2 రాజులు 4:8–17, 8:1–6



ఈ దినము మనము ఆతిథ్యమును గూర్చి ధ్యానించబోతున్నాము. ఆతిథ్యము అనగానే ఇంటివారికి చెప్పే మాటలే మనకు గుర్తొస్తాయి. తలుపు తీయండి, చాప పరచండి, ఉన్నదాంట్లో నాలుగు మెతుకులు పెట్టండి అని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము నుండి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. అవి మంచి మాటలే. అయితే ఈ దినము నేను ఇంటివారితో కాదు, ఇంటికి వెళ్ళేవారితో మాట్లాడాలని ఆశపడుతున్నాను. అతిథిగా వెళ్ళిన విశ్వాసి ఎలా ఉండాలి? ఒక రాత్రి బస చేసి, మరునాడు తిరిగి వచ్చేస్తే ఆ ఇంటితో మన లెక్క తీరిపోయినట్టేనా?

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానంటే, మన దక్షిణ తెలంగాణకు ఇప్పుడు అతిథులు ఎక్కువయ్యారు. ఒకప్పుడు పాలమూరు అంటే వలస గుర్తొచ్చేది. ఇప్పుడు హైదరాబాదు నుండి కుటుంబాలు, కాలేజీ పిల్లలు, సంఘాల యూత్ రిట్రీట్లు శ్రీశైలం రోడ్డు పట్టి ఇటు వస్తున్నాయి. 2015-16లో కేంద్ర ప్రభుత్వము స్వదేశ్ దర్శన్ పథకం కింద మహబూబ్‌నగర్ జిల్లాకు ఒక ఎకో టూరిజం సర్క్యూట్ మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, ఈగలపెంట, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అందులోనివే. 2016లో జిల్లాలు విడిపోయాక ఇవి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాయి. 2021 నవంబరు నుండి మన్ననూరులో అటవీశాఖ వారు అతిథులకు రాత్రి బస కూడా ఇస్తున్నారు. మట్టి గోడల చిన్న కుటీరాలు, ఫర్హాబాద్ వైపు సఫారీ, దారి చూపడానికి చెంచు గైడ్లు. కృష్ణ ఒడ్డున సోమశిలలో టూరిజం శాఖ కాటేజీలున్నాయి. మీలో కొందరు ఇప్పటికే వెళ్ళి వచ్చారు. మరికొందరు వచ్చే సెలవుల్లో వెళ్దామని అనుకుంటున్నారు.

వెళ్ళండి. తప్పేమీ లేదు. శిష్యులు అలసిపోయినప్పుడు ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెం అలసట తీర్చుకోండని ప్రభువే పిలిచినట్లు మార్కు సువార్త 6వ అధ్యాయములో చూస్తాము. అయితే వెళ్ళేముందు షూనేము అనే ఊరికి ఒకసారి నాతో రండి. అక్కడ ఒక చిన్న గది ఉంది. ఆ గదిలో మనము మూడు సంగతులు నేర్చుకుందాము.

మొదటిది: చిన్న గది చాలు.

ఎలీషా ప్రవక్త షూనేము మీదుగా వస్తూ పోతూ ఉండేవాడు. ఆ ఊరిలో ఘనురాలైన ఒక స్త్రీ ఆయనను బలవంతపెట్టి భోజనానికి పిలిచేది. తరువాత ఆమె తన భర్తతో మాట్లాడి, మేడమీద గోడ కట్టించి ఒక చిన్న గది సిద్ధపరిచింది. అందులో ఏమేమి పెట్టించిందో లేఖనము లెక్కపెట్టి చెబుతుంది. ఒక మంచము, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభము. అంతే, నాలుగు వస్తువులు. పడుకోవడానికి ఒకటి, భోజనానికి ఒకటి, కూర్చోవడానికి ఒకటి, చీకటికి ఒకటి.

ఆమె ధనవంతురాలు. పెద్ద గది కట్టించలేక కాదు. ప్రవక్తకు ఎంత కావాలో అంతే ఇచ్చింది. ప్రవక్త కూడా ఇంకేమీ అడగలేదు. ఆ గదిలో ఏమి లేదో ఆయన ఎంచలేదు.

మన తెలుగులో ఒక సామెత ఉంది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడము అని. పూర్వము ఎవడో ఒకడు అలా లెక్కపెట్టేవాడు. ఇప్పుడు మన చేతిలోని ఫోనే లెక్కపెడుతుంది. సిగ్నల్ లేదు, ఒక చుక్క తక్కువ. కూరలో కారం ఎక్కువ, ఇంకో చుక్క తక్కువ. రాత్రి కీచురాళ్ళ మోత, నిద్ర పట్టలేదు. ప్రియులారా, అడవిలోకి వెళ్ళి కీచురాళ్ళ మీద ఫిర్యాదు చేసేవాడు అతిథి అవుతాడా? మట్టి గోడ ఎండాకాలము చల్లగా ఉంటుందని మన నాయనమ్మలకు తెలుసు. జొన్న రొట్టె, పచ్చిపులుసు పెడితే, అది ఆ నేల మీద పండినదాని రుచి. లూకా 10వ అధ్యాయములో ప్రభువు తన వారిని పంపేటప్పుడు, వడ్డించినది తినమనీ, ఇల్లు మారుతూ తిరగవద్దనీ చెప్పాడు. అది భోజనము గూర్చిన నియమము మాత్రమే అనుకోవద్దు. పెట్టినవారిని చిన్నచూపు చూడకుండా కాపాడే నియమము అది.

విశ్రాంతి వస్తువులలో లేదు. నాలుగు వస్తువుల గదిలో దైవజనుడు విశ్రాంతి పొందాడు. నలభై వస్తువుల ఇంట్లో మనము నిద్రమాత్ర వేసుకుంటున్నాము. ఇది ఆలోచించవలసిన సంగతి.

రెండవది: అతిథి యజమానుడు కాడు.

మన్ననూరు దగ్గర అడవి గేటు ఉంది. రాత్రి తొమ్మిది గంటలకు ఆ గేటు వేస్తారు, ఉదయము ఆరు గంటలకు తీస్తారు. ఆ తొమ్మిది గంటల సేపు రోడ్డు జంతువులది. అలాగే వానాకాలము జూలై నుండి సెప్టెంబరు వరకు సఫారీ ఆపేస్తారు. అడవిలో పిల్లలను కనే జంతువులకు, మొలకెత్తే గింజలకు అది ఎడము. కారు ఆపి చూస్తే కొందరికి కోపమొస్తుంది. డబ్బు కట్టాము కదా అంటారు. లేవీయకాండము 25వ అధ్యాయము చదివినవారికి మాత్రము ఇది కొత్త సంగతి కాదు. భూమికి కూడా సబ్బాతు ఉన్నదని దేవుడు అక్కడ నియమించాడు. అదే అధ్యాయములో భూమి తనదేననీ, మనము తన యొద్ద పరదేశులమూ కాపురస్థులమూ మాత్రమేననీ ఆయన తేటగా చెప్పాడు. అంటే మన పేరున పట్టా ఉన్న ఇంట్లో కూడా మనము అతిథులమే. అలాంటప్పుడు అడవిలో ఒక రాత్రి బసకు డబ్బు కట్టినంతమాత్రాన యజమానులము ఎలా అవుతాము?

ఉపయోగము లేనిదాన్ని మనవాళ్ళు అడవి గాచిన వెన్నెల అంటారు. చూసే మనిషి లేని చోట వెన్నెల కాస్తే వృథా అని దాని భావము. యోబు గ్రంథము 38వ అధ్యాయము చూడండి. మనుష్యులు లేని అరణ్యము మీద వాన కురిపించేది ఎవరని దేవుడు యోబును అడుగుతాడు. మనకు కనబడని గడ్డిపరకకు కూడా ఆయన నీళ్ళు పోస్తున్నాడు. దేవుని లెక్కలో అడవి గాచిన వెన్నెల వృథా కాదు. పైగా మన నల్లమలలో ఆ వెన్నెలను చూసే మనుషులు ఎప్పటినుండో ఉన్నారు. వారే చెంచులు. అప్పాపూర్, మల్లాపూర్, ఫర్హాబాద్ వంటి పెంటల్లో తరతరాలుగా ఉన్నారు. పెంట అంటే వారి చిన్న గూడెము. అమ్రాబాద్ పులుల అభయారణ్యము 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. మన పటములో అది అభయారణ్యము. వారికి మాత్రము అది ఇల్లు.

ఇంట్లోకి వెళ్ళినవాడు ఎలా ఉంటాడు? చెప్పులు బయట విడుస్తాడు. అడగకుండా లోపలి గదిలోకి పోడు. 2024 జూలై నుండి ఆ అడవిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కును అటవీశాఖ నిషేధించింది. నిషేధము లేకపోయినా విశ్వాసి చేయవలసిన పనే అది. రిట్రీట్లు నడిపించే యూత్ నాయకులకు ప్రత్యేకముగా చెబుతున్నాను. నీళ్ళు స్టీలు సీసాల్లో తీసుకెళ్ళండి. అడవిలో ఆరాధనకు సౌండు బాక్సులు అక్కరలేదు, మీ గొంతులు చాలు, అవీ మెల్లగా. రోడ్డు పక్కన కోతులకు బిస్కెట్లు విసరవద్దు. చెంచు పిల్లలకు కారు కిటికీలోనుంచి చాక్లెట్లు అసలే విసరవద్దు. మన పిల్లలకు ఎవరైనా అలా విసిరితే ఊరుకుంటామా? ఫోటో తీయాలనుకుంటే ముందు అడగండి. వద్దు అంటే ఫోను జేబులో పెట్టుకోండి.

ఎలీషా ఆ గదిలో పండుకొన్న తరువాత ఏమి చేశాడో గమనించండి. సేవకుడైన గేహజీని పంపి ఆ ఇంటి తల్లిని పిలిపించాడు. మా కొరకు ఇంత శ్రద్ధ తీసుకున్నావు, నీకు ఏమి చేయగలమని అడిగించాడు. రాజుతోనైనా సైన్యాధిపతితోనైనా నీ గురించి మాట్లాడమంటావా అని కూడా అడిగించాడు. ఆయన ప్రవక్త, ఎన్నో చెప్పగలవాడు. అయినా ముందు ప్రశ్న వేశాడు, తరువాత ఆమె మాట విన్నాడు. సువార్త భారముతో పెంటలకు వెళ్ళే సహోదరులారా, ఇది మీకు కూడా. నోరు తెరవకముందు చెవి తెరవండి. మీతో నడిచిన గైడ్ పేరేమిటో, ఆయనకు పిల్లలెందరో, బడి ఎంత దూరమో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో అడగండి. వారు సేకరించిన తేనె కొనండి, బేరమాడకుండా కొనండి.

ఆ తల్లి ఇచ్చిన జవాబు ఇంకా గొప్పది. రాజు సిఫారసు ఆమెకు అక్కరలేకపోయింది. నేను నా వాళ్ళ మధ్య కాపురముంటున్నాను అన్నది. ఆమెకు అదే చాలు.

ప్రియులారా, నల్లమలలో ఈ జవాబు నేటికీ వినబడుతుంది. అభయారణ్యము లోపలి గ్రామాలు కొన్నింటిని బయటికి తరలించాలని ప్రభుత్వము ప్రయత్నిస్తున్నది. ఇష్టపడి కదిలేవారికి కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ 2021 నుండి ఉంది. కొందరు పిల్లల చదువు కోసము, రోడ్డు కోసము, ఆసుపత్రి కోసము ఒప్పుకుంటున్నారు. కొందరు మా వాళ్ళ మధ్యనే ఉంటామంటున్నారు. ఎవరు ఏది ఎంచుకోవాలో నేను ఈ మైకు ముందు కూర్చుని తీర్పు చెప్పను, అది వారి నిర్ణయము. చట్టము కూడా వారి సమ్మతి ఉండాలనే చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టము వారి హక్కును గుర్తించింది. అయితే ఒక్క మాట మన మనస్సాక్షిని అడగాలి. ఇంటివారిని లేచి పొమ్మని, అతిథులకు మాత్రము మంచము వేసే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? మనము ఆ మంచము మీద పండుకున్నప్పుడు ఈ ప్రశ్న మనలను కొంచెమైనా మేల్కొలపాలి.

మూడవది: అతిథి సాక్షి.

ఆ షూనేమీయురాలి కథ అక్కడితో ముగియలేదు. 8వ అధ్యాయానికి రండి. దేశములో ఏడు సంవత్సరాల కరువు వస్తుందని ఎలీషా ఆమెను హెచ్చరించాడు. నా వాళ్ళ మధ్య ఉన్నాను, అదే చాలు అన్న తల్లి, ఇంటివారిని తీసుకుని ఫిలిష్తీయుల దేశానికి వలస పోయింది. కరువుకు ఇంటికి తాళము వేసి పోవడము ఎలా ఉంటుందో పాలమూరు శ్రోతలకు నేను వివరించనక్కరలేదు. ఏడేండ్లు గడిచాక ఆమె తిరిగి వచ్చింది. అప్పటికి ఇల్లు ఆమె చేతిలో లేదు, పొలమూ లేదు. ఒకప్పుడు ఇంకొకరికి గది కట్టించిన స్త్రీ ఇప్పుడు తన ఇంటి కోసము రాజుకు మొర పెట్టుకోవడానికి వెళ్ళింది.

సరిగ్గా ఆ సమయానికి రాజు ముందు ఎవరు నిలబడి ఉన్నారు? గేహజీ! ఆమె ఇంట్లో భోజనము చేసిన గేహజీ, ఆమె కట్టించిన గది ఎరిగిన గేహజీ. ఎలీషా చేసిన గొప్ప కార్యములను గూర్చి రాజు అడిగితే, చనిపోయిన ఆమె కుమారుడు బ్రతికిన సంగతి చెబుతున్నాడు. చెబుతుండగానే ఆమె లోపలికి వచ్చింది. ఆ స్త్రీ ఈమెయే, ఆ కుమారుడు ఇతడే అని గేహజీ చూపించాడు. అప్పుడు రాజు ఆమెను అడిగి తెలుసుకుని, ఒక అధికారిని నియమించి, ఆమె ఇల్లు, పొలము, ఆమె వెళ్ళిన నాటి నుండి ఆ పొలము మీద వచ్చిన పంట రాబడి అంతా ఇప్పించాడు.

చూశారా? ఎలీషా, గేహజీ ఆ ఇంట్లో తిన్న అన్నానికి డబ్బు చెల్లించినట్లు ఎక్కడా లేదు. ఆ అన్నము యొక్క బాకీ రాజు ముందు తీరింది. ఆమె తన మొర తాను పెట్టుకున్నది. అతిథి అది నిజమని సాక్ష్యమిచ్చాడు.

మన నేల మీద కూడా ఇలాంటిది జరిగింది. 1940లో ఆస్ట్రియా దేశస్థుడైన ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు అమ్రాబాద్ అడవిలో చెంచుల మధ్య గుడారము వేసుకుని ఉన్నాడు. 1943లో వారిని గూర్చి పెద్ద పుస్తకము ప్రచురించాడు. పుస్తకముతో ఊరుకోలేదు. వారి బ్రతుకుకు అడవి ఎంత అవసరమో నిజాము ప్రభుత్వానికి చెప్పాడు. ఆ సిఫారసు మీద సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచులకు ప్రత్యేకించారు. అతిథిగా వచ్చినవాడు సాక్షి అయ్యాడు.

అలాగే మన కాలములో ఈ అడవిలో యురేనియం కోసము తవ్వకాలు జరుగుతాయన్న భయము పుట్టినప్పుడు పెంటల్లోని చెంచులు ముందుగా లేచారు. వారి వెనుక ఊళ్ళవారు, పట్టణాలవారు, ఎప్పుడో ఒకసారి ఈ అడవిని చూసి వెళ్ళినవారు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానము చేసింది.

ఇప్పుడు అడవి నుండి కృష్ణ ఒడ్డుకు, సోమశిలకు వెళ్దాము. కాటేజీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురుగా సముద్రములాంటి నీళ్ళు. సాయంకాలము వలలు వేసుకుని తిరిగి వచ్చే పడవలు. ఎంతో అందము. అయితే ఆ నీళ్ళు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు అని మరచిపోవద్దు. ఆ ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వంద దాకా గ్రామాలు మునిగిపోయాయి. సుమారు లక్ష మంది ఇల్లు వదిలారు. 1981లో కొన్ని ఊళ్ళలో ఇండ్లను కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. ఎండాకాలము నీళ్ళు తగ్గినప్పుడు అవతలి ఒడ్డున సంగమేశ్వరము గుడి బయటపడుతుంది, జనము చూడటానికి వెళ్తారు. గుడి బయటపడుతుంది గాని మునిగిన వాకిళ్ళు, చేన్లు, సమాధులు అట్లా తిరిగి రావు కదా. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగమిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ కాగితము పట్టుకుని దశాబ్దాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవారున్నారు, తిరుగుతూనే వయసు మళ్ళినవారున్నారు.

అందుకని సోమశిలకు వెళ్ళవద్దని నేను చెప్పను. ఆ ఒడ్డున కూర్చుని ఊరికే తిరిగి రావద్దని చెబుతున్నాను. మీకు చేపల కూర వండిపెట్టిన తల్లిని అడగండి, అమ్మా, మీ పాత ఊరు ఎక్కడుండేది అని. బహుశా ఆమె చేయెత్తి నీళ్ళ వైపు చూపిస్తుంది. అప్పుడు మీరు మాట్లాడవద్దు, వినండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ ఊరి పేరు చెప్పి ప్రార్థించండి. ఇంటికి వచ్చాక ఆ మాట నలుగురికి చెప్పండి. మీ సంఘములో ఆఫీసుల్లో పనిచేసేవారున్నారు, వకీళ్ళున్నారు, పత్రికలవారున్నారు. రాజు ముందు నిలబడే అవకాశము ఎవరికి, ఎప్పుడు వస్తుందో తెలియదు. గేహజీకి కూడా ముందుగా తెలియదు. తెలిసిన సంగతి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు, అంతే.

చెంచులు తేనె కోసము కొండ చరియ మీదనుండి తాడు పట్టుకుని కిందికి దిగుతారు. పైన ఆ తాడును భార్య తోడబుట్టినవాడు, అంటే బావమరిది కాపాడతాడని చెబుతారు. ఎందుకంటే తన చెల్లెలి బ్రతుకు కూడా ఆ తాడుకే వేలాడుతున్నదని వాడికి తెలుసు, చేయి వదలడు. ప్రియ సహోదరీ సహోదరుడా, నీకు మంచము వేసి, నీకు అన్నము పెట్టినవారితో నీకు అలాంటి బంధుత్వము కలిగింది. నీవు ఇంటికి చేరి, బట్టలు ఉతుక్కుని, ఫోటోలు పంచుకున్న తరువాత కూడా ఆ తాడు కొస నీ చేతిలో ఉంది.

మన ప్రభువు సంగతి చూడండి. ఆయనకు తల వాల్చుకొనుటకు స్వంత స్థలము లేదు. జక్కయ్య ఇంట్లో అతిథి, బేతనియలో అతిథి, ఎమ్మాయు దారిలో ఇద్దరు బలవంతపెడితే అక్కడా అతిథి. తనను ప్రేమతో చేర్చుకున్నవారి పక్షమున ఆయన మాట్లాడాడు. జక్కయ్యను చూసి జనమంతా సణుగుతుంటే, ఇతడు కూడా అబ్రాహాము కుమారుడేనని ఆయన నోరు తెరిచి చెప్పాడు. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని అందరూ తప్పుపడితే ఆమె జోలికి పోవద్దన్నాడు. ఈ దినము కూడా తండ్రి యొద్ద మన పక్షమున మాట్లాడేవాడు ఆయనే. మన హృదయపు తలుపు తీసి ఆయనను చేర్చుకున్నామని సాక్ష్యము చెబుతాము కదా. ఆ అతిథి మనలను మరచిపోలేదు. అందుకే మనము కూడా మనలను చేర్చుకున్నవారిని మరచిపోకూడదు.

ఈ వారము మీరు ఒక పని చేయండి. మీరు ఇటీవల ఎవరి ఇంట్లో, ఎవరి ఊరిలో అతిథిగా ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. వారి పేరు ఒక కాగితము మీద వ్రాసి బైబిలులో 2 రాజులు 8వ అధ్యాయము దగ్గర పెట్టుకోండి. వారి కొరకు ప్రార్థించండి. వారికి ఏ అవసరము ఉన్నదో తెలుసుకోండి. వారి కొరకు మాట్లాడవలసిన చోటు వచ్చినప్పుడు మౌనముగా ఉండవద్దు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకపు తండ్రీ, భూమి నీది, మేము నీ యొద్ద అతిథులము. మాకు మంచము వేసినవారిని, అన్నము పెట్టినవారిని, దారి చూపినవారిని దీవించుము. అడవిలో ఉన్నవారి ఇండ్లను, నీళ్ళలో ఇండ్లు పోగొట్టుకొన్నవారి హక్కును జ్ఞాపకము చేసుకొనుము. మా నోటిని సాక్ష్యమునకు సిద్ధపరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను, మీరు అతిథులుగా అడుగుపెట్టే ప్రతి ఇంటిని దీవించును గాక.